అండమాన్ పెళ్లికి విమానం: మాత్ర వేసుకోవాలా, వద్దా?

మా అప్ప, అంటే అక్క, కాపురం పోర్ట్ బ్లెయిర్‌లో. మా వైపు వాళ్లకి ఇదేం వింత కాదు. శ్రీకాకుళం తీరం నుంచి జనం తరాలుగా అండమాన్ వెళ్లి అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. బజారుకెళ్తే తెలుగులోనే పని జరిగిపోతుందని అప్ప ఎప్పుడూ చెబుతుంది. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు గానీ మా ఇంట్లో ఇంకా పోర్ట్ బ్లెయిరే. అప్ప పెద్దకూతురికి మాఘంలో ముహూర్తం కుదిరిందని తెలియగానే ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంట్లో అందరూ చీరల గురించి, పలాస జీడిపప్పు ఎంత పట్టుకెళ్లాలన్న దాని గురించి మాట్లాడుకున్నారు. నాకు మాత్రం ఆ ఊరికి రైలు లేదన్న సంగతి ఒక్కటే బుర్రలో తిరిగింది.

నాకు విమానం అంటే భయం. కొన్నేళ్ల కిందట విశాఖపట్నం నుంచి హైదరాబాద్ వెళ్తున్నప్పుడు పట్టుకుంది. బయట ఉరుములు, వాన. విమానం రన్‌వే మీదకి వచ్చేసి, ఇక దిగిపోయాం అనుకునేసరికి ఇంజన్లు గట్టిగా మోగి మళ్లీ పైకి లేచిపోయింది. దీన్ని గో అరౌండ్ అంటారు. దిగడం సరిగ్గా కుదరదనిపిస్తే పైలట్లు మామూలుగా చేసే పనే, జాగ్రత్త కోసం చేసేదే. ఇదంతా తర్వాత తెలిసింది. ఆ క్షణాన మాత్రం నా చేతులు తిమ్మిరెక్కాయి, గొంతు మూసుకుపోయింది, చూపు చుట్టూ నల్లబడింది. ఇక అయిపోయాను అనుకున్నాను. మళ్లీ తిరిగి వచ్చి విమానం మెత్తగానే దిగింది. నా ఒంటికి మాత్రం మొదటిదే గుర్తుండిపోయింది.

అప్పట్నుంచి ఢిల్లీ అయినా బెంగళూరైనా రైల్లోనే వెళ్లాను. సెలవులు సరిపోకపోతే అసలు వెళ్లలేదు. నేను బడిలో లెక్కలు చెబుతాను. సంభావ్యత పాఠం ప్రతి ఏడూ నోటికి చెప్పేదే. రోడ్డు మీద ప్రమాదాలు ఎక్కువా, ఆకాశంలో ఎక్కువా అని నన్నడిగితే బోర్డు మీద లెక్క వేసి చూపించగలను. భయపడేవాళ్లకి ఈ లెక్కలు చెప్పి ధైర్యం ఇవ్వాలని చూసేవాళ్లకి నా మాట ఒక్కటే: ఆ లెక్క మాకూ తెలుసు. తెలిసినా చేతులు వణుకుతాయి.

ఓడ గురించీ ఆలోచించాను. విశాఖపట్నం నుంచి అండమాన్‌కి ఓడ ఉంది. కానీ నెలకి ఒకటే, సముద్రం మీద రెండు రోజులు దాటుతుంది, తేదీలు ముందే కచ్చితంగా తెలియవు. ముహూర్తం ఓడ కోసం ఆగదు కదా. పైగా అమ్మకి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది, మంచం దిగడం లేదు. పుట్టింటి తరఫున వెళ్లగలిగేది నేనొక్కదాన్నే. అప్ప ఫోన్లో అంది: "నువ్వు రాకపోతే పెళ్లి ఆగిపోదు గానీ, అప్పగింతలప్పుడు నా పక్కన ఎవులుంటారే?" ఆ మాట విన్నాక వెళ్లాలా వద్దా అన్నది పోయింది. ఎలా వెళ్లాలన్నదే మిగిలింది.

విషయం తెలిసిన రోజునే మా ఎదురింటి ఆవిడ చీరకొంగులో చుట్టి మాత్రల స్ట్రిప్ తెచ్చారు. ఆవిడకి ఎప్పుడో నిద్ర పట్టకపోతే డాక్టరు రాసిచ్చిన ఆల్ప్రజోలమ్. "సగం వేసుకో తల్లీ, లేచేసరికి పోర్ట్ బ్లెయిర్ వచ్చేస్తాది" అన్నారు. ప్రేమతోనే అన్నారు. ఆవిడ వెళ్లాక స్ట్రిప్ తిప్పి చూశాను. ఎర్రటి గీతల డబ్బాలో సన్నటి అక్షరాలతో హెచ్చరిక ఉంది: వైద్యుడి సలహా లేకుండా వాడటం ప్రమాదం, చీటీ లేకుండా అమ్మకూడదు. ఈ మందు మన దేశంలో షెడ్యూల్ హెచ్ 1 కిందికి వస్తుంది. అంటే మందుల దుకాణంవాడు రాసిన డాక్టరు పేరు, తీసుకున్నవాళ్ల పేరు, ఎన్ని ఇచ్చాడో వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. 2014 నుంచి అమల్లో ఉన్న నిబంధన. అంత కట్టుదిట్టంగా అమ్మాల్సిన మందు నా డబ్బాలో పోపు గింజల పక్కన ఉండటం నాకు నచ్చలేదు. నాకు ఉబ్బసం కూడా ఉంది. ఆవిడ ఒంటికి సరిపోయింది నాకు సరిపోతుందని ఎవరు చెప్పాలి? మర్నాడు తిరిగిచ్చేశాను, ఆవిడ నొచ్చుకోకుండా చెప్పి.

ముందు టెలీ మానస్‌కి ఫోన్ చేశాను. 14416. మనసు బాధలు చెప్పుకోవడానికి 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, భాష ఎంచుకోవచ్చు. మేం ఒడిశాలో ఉంటున్నాం కాబట్టి ఒడియాలోనే మాట్లాడాలేమో అనుకున్నాను, తెలుగు కూడా ఉంది. నాకు ఒడియా బాగానే వచ్చు. బజారులో బేరమాడతాను, బడిలో పిల్లల తల్లిదండ్రులతో గంటలు మాట్లాడతాను. కానీ కడుపులో ఏమవుతోందో, ఛాతీలో ఏమవుతోందో చెప్పాలంటే నాకు అమ్మ భాషే కావాలి. సరిహద్దు ఊళ్లలో ఉండే మనలాంటివాళ్లకి ఇది చిన్న విషయం కాదు. అవతల ఆడగొంతు ఓపిగ్గా విన్నాక, మందు సంగతి ఫోన్లో తేలేది కాదు, ఉబ్బసం కూడా ఉంది కనుక మానసిక వైద్యుణ్ని నేరుగా కలవమంది.

అలా బరంపురం వెళ్లాను. గుణుపురం పాసింజరులో కూర్చుంటే నౌపడా, పలాస, ఇచ్ఛాపురం దాటుకుంటూ ఒక పూట ప్రయాణం. ఆంధ్రలోకి దిగి మళ్లీ ఒడిశాలోకి ఎక్కడమన్నమాట. నాతో మా మరిది కూడా వచ్చాడు. ఇతనిది పాతపట్నంలో బియ్యం వ్యాపారం. పెళ్లికి నాకు తోడుగా వస్తానని ముందుకొచ్చిన మనిషి. ఎప్పుడూ విమానం ఎక్కలేదు. టికెట్ల మాట వచ్చేదాకా ధైర్యంగానే ఉన్నాడు గానీ, ఆ తర్వాత నిద్ర పట్టడం లేదని మా ఆయనతో చెప్పాడట. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే ఊళ్లో ఏమనుకుంటారో అన్న సంకోచం అతనికి కొంత ఉంది. "వదినకి తోడుగా వెళ్తున్నాను" అని అందరికీ చెప్పి బయల్దేరాడు. నేను దాన్ని సరిదిద్దలేదు. వెళ్లడం ముఖ్యం.

డాక్టరు గారు బరంపురం తెలుగాయనే. వెళ్లగానే మాత్ర రాసిస్తారని అనుకున్నాను. ఆయన చాలాసేపు ప్రశ్నలే అడిగారు. విమానంలోనేనా, లిఫ్టులో, గుంపులో, సొరంగాల్లో కూడా ఇలాగే ఉంటుందా? ఏ భయమూ లేని వేళ ఊరికే దడ వస్తుందా? నిద్ర ఎలా ఉంది, గురక ఉందా? టీ, కాఫీ ఎన్నిసార్లు? థైరాయిడ్ ఎప్పుడు చూపించుకున్నారు? థైరాయిడ్ ఎక్కువైనా దడ, వణుకు, చెమట వస్తాయట. భయం అనుకుని మందు వాడుతూ అసలు జబ్బుని వదిలేసే ప్రమాదం ఉందని రక్త పరీక్ష రాశారు. అది మామూలుగానే వచ్చింది.

ఆయన అడిగిన వాటిలో నన్ను ఆలోచనలో పడేసింది ఇన్హేలర్ గురించిన ప్రశ్న. "విమానం ఎక్కే ముందు పంపు కొట్టుకుంటారా?" అన్నారు. కొట్టుకుంటాను. ఆయాసం రాకపోయినా, పైకి వెళ్లాక వస్తుందేమోనని ముందుజాగ్రత్తగా. నేను వాడేది నీలం రంగు పంపు, సాల్బుటమాల్. ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలని వదులు చేసే ఆ మందుకే గుండె వేగం పెంచే గుణం, చేతులు వణికించే గుణం ఉన్నాయట. అంటే హైదరాబాద్ విమానంలో నేను కూర్చునేసరికే నా గుండె మందు వల్ల పరుగెడుతోంది. అసలే భయం, పైన ఈ దడ, రెండూ కలిసి ఇంకా భయం. ఇన్నేళ్లుగా నేను నా మనసుదే అనుకున్న దాంట్లో కొంత భాగం మందుదని తెలిసినప్పుడు నాకెంత తేలికైందో చెప్పలేను. పంపు మానెయ్యమని ఆయన అనలేదు. చేతిసంచిలో తప్పకుండా ఉండాలి, అవసరమైతే వెంటనే వాడాలి, అవసరం లేకుండా ముందే వాడక్కర్లేదు అన్నారు. ఉబ్బసం చూసే మా డాక్టరుని కూడా అడిగి రమ్మన్నారు. ఆవిడ ఊపిరి పరీక్ష చేసి, ఉబ్బసం అదుపులో ఉంది, ప్రయాణానికి ఫర్వాలేదు, రోజూ పీల్చే మందు మాత్రం ఒక్కరోజు కూడా మానొద్దు అని చెప్పారు.

ఇక మాత్రల సంగతి. ఇలాంటి భయానికి వాడేవి ముఖ్యంగా రెండు రకాలని ఆయన విడమరిచి చెప్పారు.

ఒకటి ప్రొప్రనొలోల్. బీపీకి, గుండెకి వాడే పాత మందే. ఇది గుండె దడ, చేతుల వణుకు తగ్గిస్తుంది. మనసులోని ఆలోచనని ఆపదు, మత్తు రాదు. ఉబ్బసం ఉన్నవాళ్లు మాత్రం దీని జోలికి పోకూడదు. గాలి గొట్టాలు బిగుసుకుపోయి ప్రాణం మీదకి రావచ్చు, పైగా అప్పుడు నా నీలం పంపు కూడా సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు. ఈ సంగతి తెలియకుండా ఎవరో తెలిసినవాళ్లు ఇచ్చారని వేసుకుని ఉంటే? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అందుకే ఇది చదివేవాళ్లలో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఈ పేరు గుర్తుపెట్టుకోమని గట్టిగా అడుగుతున్నాను.

రెండోది ఆల్ప్రజోలమ్, లోరాజెపామ్, డయాజెపామ్ వంటి మందుల కుటుంబం. ఇవి మెదడుని నెమ్మదింపజేస్తాయి. ఆల్ప్రజోలమ్ వేసుకున్న గంటా రెండు గంటల్లో బాగా ఎక్కుతుంది. తూలు, మతిమరుపు ఉండొచ్చు, పెద్దవయసు వాళ్లు పడిపోవచ్చు, మద్యంతో కలిస్తే ఊపిరే మందగిస్తుంది. నిద్ర మాత్రలతో, కొన్ని దగ్గు మందులతో, నొప్పి మందులతో కలిసినా ప్రమాదమే. రోజూ వాడితే అలవాటు పడిపోతారు. ఎప్పుడో ఒకసారి వాడితే అలవాటు భయం తక్కువ గానీ, మరో చిక్కు ఉందన్నారు.

ఆ చిక్కేమిటో అర్థమయ్యాకే నా నిర్ణయం ఒక దారికి వచ్చింది. 1997లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వాళ్లు అచ్చు వేసిన ఒక అధ్యయనం గురించి ఆయన చెప్పారు, తర్వాత నేనూ వెతికి చదివాను. విమానం అంటే భయపడే 28 మంది ఆడవాళ్లని తీసుకుని, సగం మందికి ఆల్ప్రజోలమ్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి విమానం ఎక్కించారు. మందు వేసుకున్నవాళ్లు భయం తక్కువగా ఉందన్నారు, కానీ వాళ్ల గుండె వేగం రెండోవాళ్ల కంటే ఎక్కువే ఉంది. వారం తర్వాత ఎవరికీ మందు లేకుండా మళ్లీ ఎక్కించారు. మొదటిసారి ఆల్ప్రజోలమ్ వేసుకున్న వాళ్లలో 7 శాతం మందికి పానిక్, అంటే ఉన్నట్టుండి ఉప్పెనలా ముంచెత్తే భయం, వచ్చింది. రెండోసారి అదే గుంపులో 71 శాతం మందికి వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకి మాత్రం రెండోసారి భయం తగ్గింది. ఇరవై ఎనిమిది మందితో చేసింది చిన్న లెక్కే, లెక్కల టీచరుగా ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ దాని వెనకున్న కారణం నాకు తర్కంగా తోచింది. భయం పెరిగి, పెరిగి, తనంతట తాను దిగుతుందని ఒంటికి తెలియాలి. మందు మత్తులో కూర్చుంటే ఆ పాఠం జరగదు. దిగాక "మాత్ర ఉండబట్టి గట్టెక్కాను" అనే మిగులుతుంది.

డాక్టరు గారు అప్పుడు నన్ను ఒకే ప్రశ్న వేశారు. "ఈ ఒక్క పెళ్లికి వెళ్లొస్తే చాలా, లేక మీ అప్పని చూడాలనిపించినప్పుడల్లా వెళ్లాలని ఉందా?"

ఒక్క పెళ్లికే అయితే మాత్ర వేసుకుని వెళ్లొచ్చు, అందులో తప్పేమీ లేదు, తగిన మోతాదు తనే రాసిస్తానన్నారు. రెండోది అయితే మందు లేకుండా నేర్చుకోవడం మంచిదన్నారు. అప్పకి అరవై దాటింది. మోకాళ్లు నొప్పులంటుంది. నాకు కావలసింది రెండోదే.

అయినా ఒక మాత్ర దగ్గర ఉంచుకోవచ్చని, అయితే ముందు ఇంట్లో పరీక్షించాలని చెప్పి, నాకు అతి తక్కువ మోతాదు, 0.25 మిల్లీగ్రాముల ఆల్ప్రజోలమ్ కొన్ని మాత్రమే రాశారు. కొత్త మందు మొదటిసారి ముప్పై వేల అడుగుల ఎత్తులో వేసుకోకూడదు, ఆదివారం ఇంట్లో, పక్కన మనిషి ఉండగా వేసుకోవాలి, ఆ రోజు బండి నడపకూడదు, పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు. అలాగే చేశాను. మా ఆయన వంట చేశారు. గంట తర్వాత తల బరువెక్కింది. అసహ్యంగా ఏమీ లేదు, నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది. మధ్యాహ్నం అప్ప ఫోన్ చేసి నగల గురించి చాలాసేపు మాట్లాడింది. సాయంత్రం మా ఆయన "ఏమంది?" అని అడిగితే సగమే గుర్తొచ్చింది. పెళ్లికూతురికి అమ్మమ్మ కాసులపేరు వెయ్యాలనుకుంటున్నారనీ, అది తీసుకురావాల్సింది నేనేననీ అప్ప చెప్పిందట. అది గుర్తు లేదు. మందు పనిచేస్తుందని తెలిసింది. దాంతోపాటు ఏం పట్టుకుపోతుందో కూడా తెలిసింది. ఏళ్ల తర్వాత అప్పని చూసే మొదటి గంట నాకు పూర్తిగా గుర్తుండాలి.

మా మరిది కథ వేరు. అతనికి ఉబ్బసం లేదు, షుగరు లేదు. బీపీ చూశారు, ఈసీజీ తీయించారు. అతని బాధంతా గుండె దడే. దడ మొదలైతే గుండెపోటు వస్తోందనుకుంటాడు. వాళ్ల నాన్న, అంటే మా మావయ్యగారు, అలాగే పోయారు. పైగా అతనికి విమానాలతో మళ్లీ పని లేదు. "ఈ ఒక్కసారికి నా గుండె కుదురుగా ఉంటే చాలు డాక్టరు గారూ" అన్నాడు. అతనికి ప్రొప్రనొలోల్ తక్కువ మోతాదు రాశారు. అతనూ ముందు ఇంట్లో వేసి చూసుకున్నాడు, కళ్లు తిరగలేదు. ఒకే గదిలో, ఒకే డాక్టరు, ఒకే ప్రయాణానికి ఇద్దరికి రెండు సలహాలు ఇచ్చారు. నాకైతే రెండూ సరైనవే అనిపించాయి. మాత్ర వేసుకున్నవాళ్లు పిరికివాళ్లు, వేసుకోనివాళ్లు ధైర్యవంతులు అనే మాట ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. అతను ఆ మాత్ర వేసుకోకపోతే నాకు తోడే ఉండేది కాదు.

మందు లేకుండా నేర్చుకోవడం అంటే ఏమిటో ఒక సైకాలజిస్టు దగ్గర మొదలుపెట్టాను. బరంపురంలో కూర్చుని కొన్నిసార్లు, ఫోన్లో కొన్నిసార్లు. ఆ అమ్మాయి నాకంటే చాలా చిన్నది, "మేడమ్" అంటూనే బాగా కష్టపెట్టింది. విమానం లోపల తీసిన వీడియోలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూడాలి. చూస్తూ భయం పదికి ఎంతో కాగితం మీద రాయాలి. ఎక్కువైనప్పుడు ఆపకూడదు, తగ్గేదాకా చూడాలి. మొదట్లో తలుపులు వేసే చప్పుడుకే నాకు చెమట పట్టేది.

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది శబ్దాలు తెలుసుకోవడం. విమానం లేచిన కాసేపటికి కాళ్ల కింద ధనేల్మని చప్పుడొస్తుంది. అది చక్రాలు లోపలికి ముడుచుకుని తలుపులు మూసుకోవడం. ఇంకాసేపటికి ఇంజన్ల హోరు ఉన్నట్టుండి తగ్గుతుంది, ఒళ్లు కిందికి జారుతున్నట్టు అవుతుంది. ఇంజను ఆగిపోయిందని నేను ఎప్పుడూ అనుకునేది ఇక్కడే. లేవడానికి కావలసినంత బలం ఇక అక్కర్లేదు కాబట్టి పైలట్ తగ్గిస్తాడు, అంతే. విమానం ఇంకా పైకే వెళ్తూ ఉంటుంది. రెక్కల దగ్గర మరలాడినట్టు గీమని వినిపించేది ఫ్లాప్స్, అంటే రెక్కల వెనక అంచున ఉండే పలకలు, కదలడం. టింగ్‌మని మోగే గంట సీటు బెల్టు గుర్తుదో, సిబ్బంది ఒకరినొకరు పిలుచుకునేదో. ఇక కుదుపులు. రెక్కలు ఊగడానికే కట్టినవి. విమానం తన జీవితంలో ఎదుర్కోవచ్చని లెక్కగట్టిన గరిష్ఠ బరువుకి ఒకటిన్నర రెట్లు తట్టుకునేలా రెక్కలు ఉండాలన్నది నిబంధన. కుదుపుల్లో దెబ్బలు తగిలేది ఎక్కువగా బెల్టు పెట్టుకోనివాళ్లకి. కనుక బెల్టు పెట్టుకుని కూర్చోవడం నా పని, మిగతాది నా పని కాదు. ప్రమాదాల శాతాలు ఇవ్వలేని ధైర్యం ఈ వివరాలు ఇచ్చాయి, ఎందుకంటే నా ఒళ్లు భయపడేది శాతాలకి కాదు, ఆ ధనేల్మనే చప్పుడుకి.

ఊపిరి సాధన కూడా నేర్పింది. లోపలికి పీల్చేదానికంటే బయటికి వదిలేది ఎక్కువసేపు ఉండాలి. ఉబ్బసం ఉన్నదాన్ని కాబట్టి ఊపిరి బిగబట్టవద్దని, నెమ్మదిగా వదలడం చాలునని చెప్పింది. నేను భయం లేకుండా విమానం ఎక్కాలని కోరుకునేదాన్ని. ఆ అమ్మాయి ఆ కోరికని మార్చింది. "భయంతోనే ఎక్కండి మేడమ్. అది వస్తుంది, మీరు కూర్చునే ఉండండి" అంది. మహేంద్రతనయకి వరద వచ్చినప్పుడు మా ఊళ్లో గట్టున నిలబడి చూసేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఎక్కేటప్పుడు ఇక ఆగదనే అనిపిస్తుంది. నది అలాగే ఉండిపోదు.

బయల్దేరే ముందు రోజు నిర్ణయం కాగితం మీద రాసుకున్నాను. వెళ్లేటప్పుడు మాత్ర వేసుకోను. సంచిలో ఉంటుంది, డాక్టరు చీటీతో సహా. దాన్ని పదే పదే తడుముకోను. తిరుగు ప్రయాణంలో, అలసటలో, అవసరమనిపిస్తే వేసుకోవచ్చు, దానికి ముందే డాక్టరు అనుమతి ఉంది. భయం పట్టుకున్నాక నిర్ణయాలు చెయ్యకూడదు కాబట్టే ముందు రాసుకున్నాను.

పలాసలో రాత్రి రైలెక్కి తెల్లారి హౌరాలో దిగాం. టీ మానేశాను. ఉదయం విమానం. తలుపు దగ్గర నిలబడి ఉన్న సిబ్బంది అమ్మాయికి "నాకు భయం, ఏమైనా కుదుపులుంటే ముందు చెబుతారా" అని హిందీలో అడిగాను. ఇలా అడగమని సైకాలజిస్టు చెప్పింది. ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు, తల ఊపి నా సీటు నంబరు చూసుకుంది. మరిది అప్పటికే మాత్ర వేసుకుని ఉన్నాడు. అతనికి మధ్య సీటు, నాకు నడవా పక్క సీటు.

విమానం పరుగు అందుకోగానే వచ్చింది. ఛాతీ బిగింపు, చేతుల్లో తిమ్మిరి, అన్నీ. పదికి తొమ్మిది. ధనేల్మన్నప్పుడు "చక్రాలు" అని పైకే అన్నాను. హోరు తగ్గినప్పుడు "పైలట్ తగ్గించాడు" అన్నాను. మరిది నా వైపు చూసి తనూ అదే మాట అన్నాడు. కాసేపటికి కిటికీలోంచి సుందరబనాల వంకలు కనిపించాయట, నేను చూడలేకపోయాను. తర్వాత సముద్రమే. తొమ్మిది ఎనిమిదైంది, మళ్లీ తొమ్మిదైంది. సంచి మీదకి చెయ్యి వెళ్లింది. తీసేశాను. ఏడు. భోజనం బండి వచ్చే వేళకి అయిదు. ఎవరూ ఏమీ చెయ్యకుండానే, ఏ మందూ లేకుండానే అది దిగుతూ ఉంటే నాకు కళ్లనీళ్లు వచ్చాయి. సగం దారి దాటాక కాస్త కుదిపింది. ఆ సిబ్బంది అమ్మాయి నా సీటు దాకా వచ్చి, మబ్బులున్నాయి, కాసేపట్లో పోతుంది అని చెప్పి వెళ్లింది. మళ్లీ ఎనిమిది. మళ్లీ దిగింది. పచ్చటి దీవులు కనిపిస్తున్నాయని మరిది అన్నప్పుడు వంగి చూశాను. మూడు ఉంటుందేమో అప్పుడు.

విమానాశ్రయం బయట అప్ప నన్ను పట్టుకుని ఏమందో, ఏ చీర కట్టుకుందో, ఒంటికి ఏ నూనె వాసన వచ్చిందో అన్నీ నాకు గుర్తున్నాయి. పెళ్లి గురించి ఇక్కడ రాయను, అది వేరే సంగతి. కాసులపేరు మాత్రం భద్రంగా చేరింది.

తిరుగు ప్రయాణం అంత బాగా జరగలేదు. నిద్ర లేదు, అప్పగింతల ఏడుపు ఇంకా గొంతులోనే ఉంది, మబ్బులు కూడా ఎక్కువే. తొమ్మిది చాలాసేపు దిగలేదు. మాత్ర చేతిలోకి తీసుకున్నాను కూడా. వేసుకుంటే తప్పని అనుకోలేదు. ఇంకో పది నిమిషాలు చూద్దాం అనుకున్నాను, ఆ పది నిమిషాల తర్వాత ఇంకో పది. కోల్‌కతాలో దిగేసరికి చొక్కా తడిసినట్టు జాకెట్టు తడిసిపోయింది. మాత్ర మాత్రం రేకులోనే ఉంది. మరిది తన మాత్ర వేసుకున్నాడు. కుదుపుల్లో కూడా గుండె దడ లేదనీ, ఆలోచనలు వచ్చినా అవి గుండె దాకా వెళ్లలేదనీ చెప్పాడు. వచ్చాక నేరుగా పాతపట్నం వెళ్లి దుకాణం తెరిచాడు.

మళ్లీ బరంపురం వెళ్లి డాక్టరు గారికి నా భయం అంకెలు రాసిన కాగితం చూపించాను. తిరుగు ప్రయాణంలో ఎక్కువ ఉండటం వెనక్కి పోవడం కాదన్నారు. భయం తగ్గడం మెట్లు దిగినట్టు వరసగా జరగదట, నిద్ర లేని రోజున ఎవరికైనా ఎక్కువే ఉంటుందట. ఎక్కువ విరామం ఇవ్వకుండా మళ్లీ ఎక్కమన్నారు, ఏడాది దాటితే ఒళ్లు నేర్చుకున్నది మసకబారుతుందని. వీడియోల సాధన మానలేదు. మిగిలిన మాత్రలకి ఇంకా గడువు ఉంది, చీటీతో కలిపి పిల్లలకి అందని చోట పెట్టాను.

అప్పకి మోకాలి ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. దసరాకి అక్కడ వానలు తగ్గవు కాబట్టి సంక్రాంతి దాటాక వెళ్దామని అనుకుంటున్నాం. అమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని పెరట్లో నడుస్తోంది, తనని కూడా తీసుకెళ్లవచ్చని ఎముకల డాక్టరు చెప్పారు. ఎనభై దగ్గరికి వచ్చిన మనిషి, ఒక్కసారీ విమానం ఎక్కలేదు, రవ్వంత భయం లేదు. టికెట్లు చేసేటప్పుడు కిటికీ పక్క సీటు తనకే అని ఇప్పటినుంచే చెబుతోంది.